బొల్లికి వేసిన సూది

మా అన్నయ్య కూతురు శ్రావ్యకు ఈ ఏడు బయోమెడికల్ సైన్సెస్‌లో సీటు వచ్చింది. ఆ సంగతి చెప్పడానికి వదిన ఫోన్ చేసినప్పుడు గొంతులో సంతోషం ఉన్నమాట నిజమే గానీ, అది బస్సు బోల్తాపడినా మనవాళ్ళకు పెద్ద దెబ్బలేమీ తగల్లేదని చెప్పేటప్పుడు ఉండే సంతోషం. డాక్టరు సీటు తృటిలో పోయిందట. మా కుటుంబంలో డాక్టరు సీటు ఎప్పుడూ తృటిలోనే పోతుంది. నాదీ అలాగే పోయింది. నిజానికి ఆ తృటి చాలా పెద్దది, కానీ మా అమ్మ బతికున్నన్నాళ్ళూ దాన్ని ఎవరినీ కొలవనివ్వలేదు.

మొన్న ఆదివారం శ్రావ్య మా ఇంటికి వచ్చింది. కాఫీ సగం తాగి, కప్పు కింద పెట్టి, "అత్తా, ఇది చదివితే ఏమవుతారు?" అని అడిగింది. ఈ ప్రశ్న నన్ను ఇరవై ఒకటో ఏట నుంచీ పెళ్ళిళ్ళలో, రైళ్ళలో, ఒకసారి దంతవైద్యుడి కుర్చీలో నోరు తెరుచుకుని ఉండగా కూడా అడిగారు. అప్పుడు దొరకని జవాబు ఇప్పుడు మాత్రం ఎక్కడ దొరుకుతుంది? కనీసం నా ఎమ్మెస్సీ థీసిస్ చూపిద్దామని అటక మీది పెట్టె దింపించాను. థీసిస్ మీద ఒక పాత బిస్కెట్ల డబ్బా ఉంది. కదిలిస్తే గలగలమంది. మూత తీస్తే రెండు గుప్పెళ్ళ గాజుపూసలు. "దండ తెగిందా అత్తా?" అంది శ్రావ్య. ఒకటి తీసి వెలుతురులో పెట్టి చూసుకుని, "వీటికి కంతలే లేవు" అంది. ఇదే మాట ఇదే విసుగుతో పాతికేళ్ళ కిందట కొత్తగూడలో ఒకావిడ అన్నది. కాఫీ చల్లారిపోయింది, నేను గమనించలేదు.

కొత్తగూడ అంటే ఇప్పటివాళ్ళకు ఫ్లైఓవరు. నాకు మాత్రం గొర్రెల వాసన. ఎమ్మెస్సీలో చేరినప్పుడు యూనివర్సిటీ హాస్టల్లో గది దొరకలేదు. మా నాన్న ఏలూరు నుంచి వచ్చి, సెలవు పెట్టి మరీ రెండు రోజులు తిరిగి, కొత్తగూడలో మల్లయ్య అనే గొర్రెల కాపరి ఇంట్లో ఒక గది కిరాయికి కుదిర్చారు. పెంకుటిల్లు, ముందు పెద్ద వాకిలి, వాకిలి పక్కనే ముళ్ళకంప కట్టిన గొర్రెల దొడ్డి. నాన్న మర్యాదగా "మల్లయ్యగారండీ, అమ్మాయి చదువుకోవాలి, ఇక్కడ నిశ్శబ్దంగా ఉంటుందాండీ?" అని అడిగారు. మల్లయ్య ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు, వెనకాల ఇంకెవరైనా గారు నిలబడ్డారేమోనని. తర్వాత చాలా నిజాయితీగా, గొర్రెలు పొద్దున పోయి పొద్దుగూకంగ వస్తయి, నడుమ నిశ్శబ్దమే అన్నాడు. బండలు పేల్చే సంగతి చెప్పలేదు. అప్పట్లో మాదాపూర్ వైపు కొత్త భవనాలు లేస్తున్నాయి. వాటి కోసం రోజూ మధ్యాహ్నం గుట్టలు పేల్చేవారు. ముందు ఈల వినిపించేది, తర్వాత భూమి కదిలేది, ఆ తర్వాత నా గది పెంకుల్లోంచి కాస్త మట్టి, చదువుకుంటున్న పుస్తకంలోకి. గొర్రెలు మాత్రం ఈల వినగానే తలలు దించి ఒకదానికొకటి ఆనుకుని నిలబడేవి. నాకు ఆ అలవాటు రావడానికి ఒక సెమిస్టరు పట్టింది.

మల్లయ్య భార్య లక్ష్మమ్మ. పొద్దున ఆమె జొన్నరొట్టె చరిచే చప్పుడుతో నాకు మెలకువ వచ్చేది. అలారం గడియారం తెచ్చుకున్నాను గానీ దాన్ని వాడిన గుర్తు లేదు. కట్టెల పొగ, తడిసిన గొంగడి, దొడ్డిలోని పెంట, రొట్టె కాలిన అంచు, ఈ నాలుగూ కలిసి ఒక వాసన. మొదటి వారం నేను ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకున్నాను. రెండో నెలలో సెలవులకు ఏలూరు వెళితే, మా ఇంట్లో ఏదో లోటుగా ఉందేమిటా అని రెండు రోజులు ఆలోచించాను. మల్లయ్య గొర్రెలను ఎన్నడూ లెక్కపెట్టేవాడు కాదు. సాయంత్రం దొడ్డి వాకిట్లో కర్ర అడ్డం పెట్టి, ఒక్కొక్క మొహాన్నీ చూసి లోపలికి వదిలేవాడు. ఏదైనా రాకపోతే, ఎన్ని తగ్గాయో కాదు, ఎవరు రాలేదో చెప్పేవాడు. ఆ వరుస అయ్యాక అదే చూపుతో నన్నూ చూసి, "నువ్వు పగటీలి తినలే" అనేవాడు. ఎప్పుడూ నిజమే అయ్యేది. మధ్యాహ్నం కడుపునిండా తిన్న రోజు కూడా ఆ మాట విన్నాక ఆకలేసేది.

నేనేం చదువుతున్నానో వాళ్ళకు చెప్పడం కష్టమైంది. డాక్టరు చదువా అని అడిగింది లక్ష్మమ్మ. కాదన్నాను. నర్సా? కాదు. మందుల షాపా? కాదు. మనిషి ఒంట్లో రోగాలెలా పుడతాయో, రక్తంలో ఏముంటుందో, కంటికి కనబడని క్రిములు ఎలా బతుకుతాయో చదువుతామని చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, "అయితె డాక్టర్ సీటు రాలే" అంది. అంత క్లుప్తంగా మా సిలబస్‌ను ఎవరూ చెప్పలేదు. ఆ రోజుల్లో హైదరాబాదు మొత్తం కంప్యూటర్ నేర్చుకుంటోంది. అమీర్‌పేటలో గోడలకు రంగు కనబడేది కాదు, అన్నీ కోర్సుల కాగితాలే. నాకు తెలిసినంతలో కంప్యూటర్ నేర్చుకోనివాళ్ళు ఇద్దరే మిగిలారు: నేను, మల్లయ్య. మల్లయ్యకు గొర్రెలైనా ఉన్నాయి.

ఆ గొర్రెలే నా చదువుకు పనికొస్తాయని రెండో ఏడు తెలిసింది. బడిపిల్లల గొంతునొప్పి మీద నా ప్రాజెక్టు. గొంతులో దూది పుల్ల తిప్పి, దానికి అంటిన క్రిములను పెంచి, వాటిలో స్ట్రెప్టోకోకస్ అనే రకం ఎందరికి ఉందో చూడాలి. ఆ రకాన్ని అశ్రద్ధ చేస్తే కొందరు పిల్లలకు గుండె జబ్బుగా మారుతుంది. పేరుకు భయంకరమైనదే గానీ పెంపకంలో మహా గారాబు క్రిమి. గాజు పళ్ళెంలో జెల్లీలాంటి ఆహారం పోసి, దానిలో గొర్రె రక్తం కలిపితేనే సరిగా పెరుగుతుంది. డిపార్ట్‌మెంట్‌లో ఎలుకలున్నాయి, కుందేళ్ళున్నాయి, గొర్రె లేదు. కబేళా రక్తం శుభ్రంగా ఉండదు. మా గైడ్ మేడమ్ రక్తం ఎక్కణ్ణుంచి తెస్తావని అడిగినప్పుడు, మా ఇంటి ఓనరు దొడ్డిలోంచి అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. పశువుల దవాఖాన నుంచి అన్నాను. అది పూర్తి అబద్ధం కాదు. మొదటిసారి రక్తం తీసి చూపించింది ఆ దవాఖాన కాంపౌండరే.

మల్లయ్యను ఒప్పించడం అనుకున్నంత కష్టం కాలేదు. పిల్లల గొంతునొప్పి అనగానే సరే అన్నాడు. మందలోకెల్లా నెమ్మదైన గొర్రెను ఎంచాడు. నల్లటి ఒళ్ళు, మొహం మీద తెల్ల మచ్చ, పేరు బొల్లి. పొద్దున మంద కదలకముందే మల్లయ్య దాన్ని రెండు మోకాళ్ళ మధ్య పట్టుకుని చెవిలో ఏదో మాట్లాడుతుంటే, కాంపౌండర్ మెడ దగ్గర ఉన్ని కత్తిరించి, నరం దొరకబుచ్చుకుని, సూదితో ఒక గ్లాసుకు మించకుండా రక్తం తీశాడు. దాన్ని గాజుపూసలున్న బుడ్డిలో పోసి, వెంటనే గుండ్రంగా తిప్పాలి. లేకపోతే గడ్డకడుతుంది. తిప్పుతూ ఉంటే గడ్డకట్టించే పీచంతా పూసలకు చుట్టుకుని, మిగతా రక్తం పలచగా మిగులుతుంది. నేను తిప్పుతుంటే లక్ష్మమ్మ కాసేపు ఓర్చుకుంది. తర్వాత బుడ్డి నా చేతిలోంచి లాక్కుంది. "మజ్జిగ సిల్కినట్టె గద, గింత దానికి ఎమ్మెస్సీ ఎందుకు" అని, మణికట్టు మాత్రమే కదిలిస్తూ, నురగ రాకుండా తిప్పింది. అప్పటినుంచీ ఆ పని ఆమెదే. పూసలు కడిగి ఇచ్చేటప్పుడు ఒకదాన్ని వెలుతురులో చూసి, కంత లేని పూసను చేసినవాడెవడని విసుక్కుంది.

మొదటిసారి పళ్ళేలు అద్భుతంగా వచ్చాయి. ఎర్రటి పళ్ళెం మీద ఆవగింజ కంటే చిన్న చుక్కలు, ఒక్కో చుక్క చుట్టూ కాగితం మీద నూనె బొట్టు పడ్డట్టు స్వచ్ఛమైన వలయం. ఆ వలయమే స్ట్రెప్టోకోకస్ సంతకం. మేడమ్ పళ్ళేన్ని కిటికీ వైపు ఎత్తి చూసి "ఊఁ" అన్నారు. ఆవిడ నిఘంటువులో అది బంగారు పతకం.

రెండోసారి ఒక్క వలయమూ రాలేదు. మూడోసారీ అంతే. వేరే క్రిములు కొన్ని నిక్షేపంగా పెరుగుతున్నాయి, నాకు కావలసినవి మాత్రం లేవు. పిల్లల గొంతుల్లో లేవేమో అనుకుందామంటే, మేడమ్ ప్రాణంలా దాచుకున్న అసలైన స్ట్రెప్టోకోకస్‌ను తెచ్చి వేసినా మొలవలేదు. నీళ్ళు మార్చాను. పళ్ళేలను శుద్ధిచేసే ఆవిరి యంత్రాన్ని అనుమానించాను. జెల్లీ కలిపే పొడి డబ్బా కొత్తది తెప్పించాను. రెండు నెలలు, వారం వారం, ఒక్క వలయమూ లేకుండా ఎర్రగా మెరిసే పళ్ళేలు. చివరికి మేడమ్ చాలా నెమ్మదిగా, మొదటిసారి ఎవరికైనా వస్తుంది, ల్యాబ్ పని అందరి చేతికీ పడదు అన్నారు. తిట్టినా బాగుండేది. థీసిస్ ఇవ్వడానికి ఇంక రెండు నెలల లోపే ఉంది. అది లేకపోతే డిగ్రీ లేదు.

సరిగ్గా అప్పుడే, మాదాపూర్‌లో అమెరికా డాక్టర్లు టేపుల్లో చెప్పింది విని టైపు చేసే ఆఫీసు ఒకటి తెరిచారు. రోగాల పేర్లు తప్పు లేకుండా రాయగలిగితే చాలు. నేను వెళ్ళి పరీక్ష రాశాను. న్యుమోనియా స్పెల్లింగులో మొదటి అక్షరం మరిచిపోనిదాన్ని నేనొక్కదాన్నేనట. చల్లటి గది, తిరిగే కుర్చీ. ఒకటో తారీఖు నుంచి రమ్మన్నారు. డాక్టర్లు మాట్లాడుతుంటే వినడమే పని కాబట్టి మా అమ్మకు కూడా కొంత ఊరటగా ఉంటుందనిపించింది. చదువు మధ్యలో ఆపేద్దామని నిశ్చయించుకుని, సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చుని లక్ష్మమ్మకు ముందుగా చెప్పాను. మేడమ్‌కు చెప్పే ముందు ఒక రిహార్సలు అనుకోండి.

ఆమె రొట్టె తిప్పి, "ఆఫీసుల నీ పని ఏంది?" అని అడిగింది. చెప్పాను.

"ఎవలో మాట్లాడ్తె నువ్వు రాసుడా?"

"అవునండీ. మంచి ఆఫీసు."

"మంచిదే. మరి బొల్లి రక్తం ఎందుకు తీసినవ్ బిడ్డా? అదంత మోరిల పోసినట్లేనా?"

ఆ ఉద్యోగం మంచిదా చెడ్డదా అని నాతో వాదించడానికి చాలామంది సిద్ధంగా ఉన్నారు. గొర్రె తరఫున మాట్లాడినది ఆమె ఒక్కతే. ఇంకొక్కసారి తీసి చూస్తాను, రాకపోతే వెళ్ళిపోతాను అన్నాను. గెలుస్తానని కాదు. బొల్లికి చెప్పకుండా మానేయడం బాగుండదని.

ఆ వారం మల్లయ్య నార్సింగిలో తన చెల్లెలి ఇంట్లో పెళ్ళికి పోయాడు. బొల్లిని లక్ష్మమ్మ పట్టుకుంది. చెవిలో మాటలేమీ లేవు, గట్టిగా పట్టుకోవడమే. అప్పటికి నాకు రక్తం తీయడం వచ్చింది. బుడ్డి ఆమె తిప్పింది. నేను సెవెన్ సీటర్ ఆటోలో బుడ్డిని ఒళ్ళో పెట్టుకుని యూనివర్సిటీకి వెళ్ళాను. పక్కనున్న పెద్దాయన అదేమిటని అడిగాడు. చెప్పాను. ఆయన నడుస్తున్న ఆటోలో సీటు మారాడు.

మర్నాడు పొద్దున పళ్ళేలు తీసి చూస్తే చుక్కలు. చుక్కల చుట్టూ వలయాలు. అన్ని పళ్ళేల్లోనూ.

నేను సంతోషపడలేదు, భయపడ్డాను. ఎందుకు వచ్చిందో తెలియకపోతే మళ్ళీ పోతుంది. నోటుబుక్కు తీసి, ప్రతిసారీ ఏం చేశానో పక్కపక్కన రాసుకుంటూ పోయాను. నీళ్ళు అవే. పొడి అదే. యంత్రం అదే. గొర్రె అదే. మేడమ్ అనుమానించిన నా చెయ్యి కూడా అదే. తేడా ఒక్కటే. మల్లయ్య ఊళ్ళో లేడు. సైన్సు విద్యార్థినిగా ఇలాంటి ఫలితాన్ని ఎలా రాయాలో నాకు బోధపడలేదు. ఒక గొర్రెల కాపరి పక్క ఊరికి పెళ్ళికి వెళితే స్ట్రెప్టోకోకస్ బాగా పెరుగును.

మల్లయ్య రెండు రోజుల తర్వాత వచ్చాడు. పెళ్ళి ముచ్చట్లు అయ్యేదాకా ఆగి, "పెద్దబాపూ, రక్తం తీసే ముందు మీరు బొల్లికి ఏమైనా చేస్తారా?" అని అడిగాను. అప్పటికి ఆయన్ను గారు అనడం మానేసి, వీధిలో పిల్లలు పిలిచినట్టే పిలవడం నేర్చుకున్నాను.

"ఏం చేస్త? ముందురోజు పొద్దుగూకంగ దవాఖానకు తోల్కపోయి సూది ఏపిస్త."

"ఏం సూది?"

"తాకత్ సూది. మొదటిసారి రక్తం తీసినంక అది ఒక పూట మేయలే. నీకు చెప్తె పరేషాన్ అయితవని చెప్పలే. రక్తం ఇచ్చే జీవిని ఉత్తగ ఎట్ల పంపుత బిడ్డా?"

మర్నాడు కాంపౌండర్‌ను అడిగాను. అది పెన్సిలిన్. బలానికి వేసే తాకత్ సూది అంటూ ఆయన దగ్గర వేరే ఏమీ లేదు. అడిగిన మనిషిని ఖాళీగా పంపలేక ఉన్నదాంట్లో మంచిది వేశాడు. స్ట్రెప్టోకోకస్‌ను చంపడానికి పెన్సిలిన్‌ను మించినది లేదు. దాని జాడ రక్తంలో ఉన్నా చాలు. నేను రెండు నెలలుగా క్రిములను విషం కలిపిన పళ్ళెంలో వడ్డించి, ఎందుకు తినవని బతిమాలుతున్నాను.

ఆ సాయంత్రం మల్లయ్యకు సంగతంతా వివరించాను. కోపంగా కాదు, నవ్వుతూనే. కానీ ఆయన నవ్వలేదు. దొడ్డిలోకి పోబోతున్న గొర్రెను కర్రతో ఆపి నా వైపు తిరిగాడు.

"అయితె నీ పురుగులను నేనే సంపిన్నా?"

"తెలియక కదా పెద్దబాపూ."

"నీ సదువు నా తోటి ఆగిపోతుండె." తర్వాత తనలో తాను అనుకుంటున్నట్టుగా, "సూదైతె మంచిగనే పనిచేసింది" అన్నాడు.

తర్వాత నెలన్నర రోజులు ఆ ఇల్లంతా నా థీసిస్ రాసింది. సూది మానేయడానికి మల్లయ్య ఒక షరతు పెట్టాడు. రక్తం తీశాక బొల్లికి బెల్లం నీళ్ళు, నానబెట్టిన జొన్నలు. ముందు మాత్రం ఏమీ ఇవ్వనని మాటిచ్చి, ఆ మాట మీద తనకే నమ్మకం లేక, ముందురోజు సాయంత్రం దవాఖాన దారిలో కాకుండా వేరే దారిలో మందను తోలుకొచ్చేవాడు. ఒకటో తారీఖు వచ్చింది, పోయింది. నేను మాదాపూర్ వెళ్ళలేదు. మేడమ్ దగ్గరికి వెళ్ళి, దవాఖానలో పెన్సిలిన్ వేశారట అని చెప్పాను. ఆవిడ నోటుబుక్కు మొత్తం చదివి, "ఊఁ" అని, ఈసారి ఇంకో వాక్యం కూడా అన్నారు. ఇది పాడైన ప్రయోగం కాదట. గొర్రె రక్తంలో మందు ఉందో లేదో నా క్రిములు రెండు నెలలుగా చెబుతూనే ఉన్నాయట, నేను వినలేదంతే. దాన్ని విడిగా ఒక అధ్యాయం రాయమన్నారు.

ఆ అధ్యాయమే నాకు అన్నం పెట్టింది. జీడిమెట్లలో మందుల కంపెనీ ఇంటర్వ్యూలో మార్కులు చూసినాయన ఆ కాగితం పక్కన పెట్టాడు. నీ ప్రాజెక్టులో తప్పేం జరిగిందని అడిగాడు. బొల్లి సంగతి చెప్పాను. గదిలో ఉన్న ముగ్గురూ నవ్వారు, ఒకాయన మాత్రం నవ్వుతూనే కాగితం మీద ఏదో రాసుకున్నాడు. అక్కడ నా పని ఏమిటంటే, క్రిములు పెరిగే పళ్ళెంలో చిన్న గుంటలు చేసి, కంపెనీ తయారుచేసిన మందు పోసి, మర్నాడు గుంట చుట్టూ ఎంతమేర క్రిములు చచ్చాయో కొలవడం. మందుకు తగినంత బలం ఉందా లేదా అనేది ఆ వలయం చెబుతుంది. ఇరవై మూడేళ్ళు అదే చేశాను. మొదట స్కేలుతో, తర్వాత యంత్రంతో. చావును మిల్లీమీటర్లలో కొలిచి జీతం తీసుకున్నాను, కానీ నేను సరే అన్న మందు ఎక్కడో ఎవరి బిడ్డకో జ్వరం తగ్గించి ఉంటుందనుకుంటే రాత్రి నిద్రకు ఇబ్బంది ఉండేది కాదు. నాతో చదివినవాళ్ళలో ఒకతను ఆసుపత్రి ల్యాబులో ఇప్పటికీ రక్తపు గ్రూపులు చూస్తున్నాడు. ఒకమ్మాయి కొత్త మందులను మనుషుల మీద పరీక్షించే చోట కాగితాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూస్తుంది, ఆమె సంతకం లేకపోతే ఎంత పెద్ద డాక్టరైనా ఆగాల్సిందే. ఇద్దరు కంప్యూటర్ వైపు వెళ్ళారు. వాళ్ళ ఇళ్ళు నా ఇంటికంటే పెద్దవి.

ఒక విషయం దాచాను. థీసిస్ బైండు చేయించి మల్లయ్యకు చూపించిన రోజు, ఆయన చేతులు కడుక్కుని వచ్చి, అట్ట తడిమి, "నా పేరున్నదా?" అని అడిగాడు. లేదు. కృతజ్ఞతల పేజీలో మేడమ్ ఉన్నారు, డిపార్ట్‌మెంట్ ఉంది, అమ్మానాన్నలున్నారు, జిరాక్స్ తీసినాయన కూడా ఉన్నాడు. పశువుల దవాఖాన అని చెప్పిన అబద్ధాన్ని నిలబెట్టుకోవడానికి మల్లయ్యను వదిలేశాను. నేను పేజీలు తిప్పి, సూది సంగతి రాసిన పేజీ తెరిచి, వాలుగా అందంగా అచ్చయిన రెండు మాటల మీద వేలు పెట్టి, ఇదిగో అన్నాను. ఆ రెండు మాటలు స్ట్రెప్టోకోకస్ పూర్తి పేరు. ఆయన తన వేలు కూడా దాని మీద పెట్టాడు. ఆ పేజీ జిరాక్స్ కావాలన్నాడు. లామినేషన్ చేయించి దేవుడి పటాల పక్కన గోడకు కొట్టించాడు. తర్వాత ఎన్ని దసరాలకు వెళ్ళినా నేను ఆ గోడకు వీపు పెట్టే కూర్చునేదాన్ని. విచిత్రంగా, చివరి కొన్నేళ్ళు నేను వెళ్ళేసరికే కుర్చీ అలాగే వేసి ఉండేది.

మల్లయ్య పోయి మూడేళ్ళు. ఆ తర్వాత నేను వెళ్ళలేదు. గోడను ఒక్కదాన్నే ఎదుర్కోవడం ఎందుకో చేతకాలేదు. ఈసారి శ్రావ్యను వెంటబెట్టుకుని, పూసల డబ్బా పట్టుకుని బయలుదేరాను. గొర్రెల దొడ్డి ఉన్నచోట ఇప్పుడు అపార్టుమెంటు. అందులోనే నాలుగో అంతస్తులో లక్ష్మమ్మ, కొడుకు కుటుంబంతో. లిఫ్టులో ఫినాయిలు వాసన. ఆమె తలుపు తీసి, కళ్ళద్దాల మీదుగా నన్ను పైనుంచి కిందకు చూసి, నేను తినలేదని చెప్పింది. తర్వాత శ్రావ్య ఏం చదువుతోందని అడిగింది. చెప్పింది పిల్ల. "మీ అత్త లెక్కనె," అంది లక్ష్మమ్మ జాలిగా, "డాక్టర్ సీటు రాలే."

డబ్బా ఆమె చేతికిచ్చాను. మూత తీయకుండానే గుర్తుపట్టింది. మణికట్టు దానంతటదే గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది, నురగ రాకుండా. ఇప్పుడు ల్యాబులకు రక్తపు పళ్ళేలు తయారుగా, చల్లటి పెట్టెల్లో, ప్లాస్టిక్ కవరులో వస్తాయి. ఒక్కటి పాడవదు. తారీఖు ఉంటుంది, నంబరు ఉంటుంది, గొర్రె పేరు ఉండదు. ఇదేమీ ఫిర్యాదు కాదు. ఈ పళ్ళేలే ఆనాడు ఉంటే నేను రెండు నెలల ముందే థీసిస్ ముగించి, మంచి మార్కులు తెచ్చుకుని, చెప్పుకోదగ్గది ఒక్కటీ లేకుండా ఇంటర్వ్యూకు వెళ్ళేదాన్ని.

శ్రావ్య నాకు ఎదురుగా, అంటే నా వెనక గోడ మీది ఆ లామినేషన్ కాగితానికి ఎదురుగా కూర్చుంది. ఈ కాలం పిల్లలు కనబడినదల్లా చదివేస్తారు. "దాత జంతువుకు రక్తం తీయడానికి ముందురోజు పెన్సిలిన్ ఇవ్వబడినట్లు తెలిసింది" అని తెలుగులో చెప్పుకుంటూ చదివి, "ఇదెందుకు ఇక్కడ పెట్టారు మామ్మా?" అంది. లక్ష్మమ్మ, మా ఇంటాయన పేరున్నది దాంట్లో అంది. శ్రావ్య మళ్ళీ పైనుంచి కిందకు చదవసాగింది. నేను నేల చూశాను. పాలిష్ రాయి, చూడటానికి ఏమీ లేదు.

"లేదు లక్ష్మమ్మా," అన్నాను. "ఆ రోజు నేను అబద్ధం చెప్పాను. అది క్రిమి పేరు."

పూసలు తిరగడం ఆగలేదు. "ఎరికే," అంది. "మనవరాలు పదోదిల ఉన్నప్పుడు సదివి చెప్పింది. ఆయన ఇంకా ఉండె అప్పటికి."

"ఏమన్నాడు?"

"ఏమంటడు? 'పేరు లేకుంటె ఏమాయె, అండ్ల రాసిన తప్పు నాదే గద, అది ఉన్నది చాలు' అన్నడు. అప్పటిసంది నువ్వొచ్చినప్పుడల్ల కుర్సీ అటు మర్లేసి పెట్టమనెటోడు. దాన్ని సూస్తె పిల్ల పరేషాన్ అయితదని."

శ్రావ్య బ్యాగులోంచి పెన్ను తీసి, నేను రాయనా మామ్మా అంది. లక్ష్మమ్మ ఒప్పుకోలేదు. ఆయన చూసినట్టే ఉండనియ్ అంది. మాకు జొన్నరొట్టె పెట్టింది, గ్యాసు పొయ్యి మీద చేసింది. అంచు కాలలేదు, అదొక్కటే లోటు. పూసలు తనే ఉంచుకుంది.

ఇంటికి వచ్చాక నా థీసిస్ తీసి, కృతజ్ఞతల పేజీలో జిరాక్స్ తీసినాయన పేరుకు పైన కొంచెం జాగా ఉంటే, మల్లయ్య, లక్ష్మమ్మ, బొల్లి అని రాశాను. శ్రావ్య తన ప్రశ్న మళ్ళీ అడగలేదు. రాసినదాన్ని వంగి చూసి, ఏమీ అర్థం కావడం లేదత్తా అంది. నిజమే, నా రాత ఘోరంగా వచ్చింది. డాక్టరు సీటు వచ్చి ఉంటే పనికొచ్చేది.